మిలిటరీ ట్రైలరు కొందామా?

మెకానికల్ ఇంజనీరింగ్ చదివి జావా రాసుకుని బతుకుతున్న వాళ్ళు మన హైదరాబాదులో ఎంతమంది ఉన్నారో గానీ, చదివిన చదువు మళ్ళీ ఎప్పుడో పనికొస్తుందన్న ఆశ మాత్రం మాలో ఎవరికీ ఉండదు. నాకూ ఉండేది కాదు. అలాంటిది పోయిన వేసవిలో దాదాపు నెలన్నర పాటు, ఒక పక్క ఆఫీసులో రిలీజు నెత్తి మీద కూర్చుని ఉండగానే, అటక మీదున్న ఇంజనీరింగ్ మెకానిక్స్ పుస్తకాన్ని దింపించి నాతో చదివించిన ఘనత మా మామయ్యది. ప్రశ్న ఒక్కటే. సైన్యం వాడుకుని పక్కన పెట్టేసిన ఫ్లాట్‌బెడ్ ట్రైలరు ఒకటి వేలానికి వచ్చింది. బళ్ళు మోసుకురావడానికి దాన్ని కొనాలా, వద్దా?

మామయ్యకి అశోక్‌నగర్‌కీ చిక్కడపల్లికీ మధ్య ఒక గల్లీలో షెడ్డుంది. ఇరవై రెండేళ్ళుగా పాత జీపులు బాగుచేయడమే పని. విల్లీసులు, పాత మహీంద్రాలు, అప్పుడప్పుడు ఒక జోంగా. జోంగా అంటే ఇప్పటి పిల్లలకి తెలియకపోవచ్చు. నిస్సాన్ పెట్రోల్ డిజైనుని లైసెన్సు మీద తెచ్చుకుని జబల్‌పూర్ వెహికిల్ ఫ్యాక్టరీలో 1969 నుంచి 1999 దాకా మన సైన్యం కోసం తయారుచేసిన బండి. జబల్‌పూర్ ఆర్డ్‌నెన్స్ అండ్ గన్ క్యారేజ్ అసెంబ్లీ అన్న మాటల మొదటి అక్షరాలు కలిపితే వచ్చిన పేరు అది. చూస్తే మొరటుగా ఉంటుంది గానీ, ఒకసారి దాని మీద మోజు పడ్డవాడు ఇక మనిషి కాడు. మామయ్య ఖాతాదారుల్లో సగం మంది అలాంటివాళ్ళే. డాక్టర్లు, బిల్డర్లు, మన గచ్చిబౌలి మేనేజర్లు కూడా ఇద్దరున్నారు.

ఈ బళ్ళు దొరికేది జిల్లాల్లో. ఏ తోటలోనో, ఏ రైసుమిల్లు వెనకో, ఇంజను పట్టేసి, టైర్లు నేలలో దిగబడిపోయి ఉంటాయి. వాటిని హైదరాబాదు చేర్చడమే పెద్ద ఖర్చు. రికవరీ బండి అద్దెకి పిలవాలి. వరంగల్ అవతల నుంచి తేవాలంటే పది, పన్నెండు వేలు. బండి రానని చెప్పిన రోజు ఆ పనే ఆగిపోతుంది. ఇది చాలదన్నట్టు, అంతకు ముందు ఏడాది జనగామ దాటాక ఒక ఊళ్ళో, అద్దెకొచ్చిన బండి ర్యాంపు మీదికి జోంగాని లాగుతుంటే తాడు తెగింది. బండి వెనక్కి జారింది. కింద చెక్క పెట్టడానికి వంగిన షెడ్డు కుర్రాడి పాదం మీద చక్రం ఎక్కింది. పందొమ్మిదేళ్ళవాడు. రెండు ఆపరేషన్లు అయ్యాయి, ఇప్పటికీ కాస్త ఈడ్చి నడుస్తాడు. డ్రైవరు ఆ జోంగాని అక్కడే దింపేసి తన బండి తీసుకుని వెళ్ళిపోయాడట. ఆ రోజు నుంచి మామయ్యకి ఒకటే పట్టు. సొంత బండి ఉండాలి, సొంత తాడు ఉండాలి, ఇంకొకడి సామాను నమ్మి పిల్లల్ని కిందికి పంపను అని.

కాబట్టి దీన్ని సరదా కోసం పుట్టిన కోరికగా తీసిపారేయడానికి లేదు. చీటీ పాడిన డబ్బు నాలుగున్నర లక్షలు చేతిలో ఉంది. అందులో సగానికి పైగా మా మరదలి ఇంజనీరింగ్ ఫీజు కోసం అని అత్తయ్య లెక్క. మిగతాది మామయ్య ఇష్టం. సమస్యేమిటంటే మామయ్య ఇష్టం ఎప్పుడూ మిగతాదాంతో ఆగదు.

ఆశ పెట్టింది మా పెద్దమ్మ కొడుకు. వాడు టెక్సాస్‌లో ఉంటాడు. అక్కడ సైన్యం వదిలేసిన సామాను రక్షణశాఖ వారి డీఎల్ఏ అనే విభాగం అమ్మకానికి పెడుతుంది. ట్రక్కులు, ట్రైలర్ల లాంటి చక్రాలున్న సరుకు గవ్‌ప్లానెట్ అనే వేలం కంపెనీ ద్వారా ఎవరైనా పాడుకోవచ్చు. ఎం-1061 అని ఒక అయిదు టన్నుల ఫ్లాట్‌బెడ్ ట్రైలరు ఉంది, అది అక్కడి జీపు పిచ్చివాళ్ళకి ప్రీతిపాత్రం. దాని ఫొటోలు మా కుటుంబం వాట్సాప్ గుంపులో పెట్టాడు మహానుభావుడు. “మామయ్యా, ఇలాంటిది నీకుంటే రాజువి” అని కింద ఒక ముక్క కూడా తగిలించాడు. అంతే! మామయ్యకి ఆ రాత్రి నిద్ర లేదు.

మన దగ్గర సైన్యం సామాను అమ్మకం పాత విద్యే. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక మిగిలిపోయిన జీపులూ లారీలూ ఇలాగే జనంలోకి వచ్చాయి. “డిస్పోజల్” అన్న ఇంగ్లీషు మాట మన తాతల తెలుగులో కలిసిపోయింది అలాగే. ఇప్పుడు వేలాలు ఎక్కువగా ఎంఎస్‌టీసీ అనే ప్రభుత్వ సంస్థ ద్వారా ఆన్‌లైన్‌లో జరుగుతాయి. 1964లో తుక్కు ఇనుము ఎగుమతుల కోసం పుట్టిన సంస్థ అది, కలకత్తాలో ఆఫీసు. రిజిస్టరు చేసుకోవాలి, ధరావతు కట్టాలి, చెప్పిన రోజుల్లో వెళ్ళి సరుకు చూసుకోవాలి. “ఎక్కడుందో అక్కడ, ఎలా ఉందో అలా” అన్న షరతు మీద పాడాలి. పాడిన రేటు మీద జీఎస్టీ, టీసీఎస్ అదనం. గడువులోగా ఎత్తుకెళ్ళకపోతే స్థలం అద్దె కూడా. కంప్యూటరు ముందు కూర్చోవడం అనేసరికి మామయ్య నా దగ్గరికొచ్చాడు. “అల్లుడూ, నువ్వు బటన్ నొక్కు చాలు, మిగతాది నేను చూసుకుంటా” అన్నాడు.

నేను బటన్ నొక్కేవాణ్ణే. కానీ వేలం షరతులు చదవడం అనే చెడ్డ అలవాటు ఒకటుంది నాకు. ప్రొడక్షన్‌లో మూడేళ్ళు సపోర్టు చేసినవాళ్ళకి వస్తుంది అది.

ఒక శనివారం ఇద్దరం నగరం అవతలున్న డిపోకి వెళ్ళాం. ఫోన్లు గేటు దగ్గరే తీసుకున్నారు కాబట్టి ఫొటోలు లేవు, ఒక టేపూ ఒక నోటుబుక్కూ మాత్రం పట్టుకెళ్ళనిచ్చారు. మమ్మల్ని తిప్పి చూపించిన హవల్దారు శ్రీకాకుళం మనిషి. తెలుగు వినపడేసరికి ఆయనా కాస్త కరిగాడు.

ట్రైలరు మాత్రం... ఏం చెప్పను! మోకాలెత్తు గడ్డిలో నిలబడి ఉంది, ఆకుపచ్చ రంగు ఎండకి వెలిసిపోయి. పక్కపక్కనే రెండు ఇరుసులు, నాలుగు పెద్ద టైర్లు. మా ఇంటి గుమ్మం అంత మందం ఉన్న చానళ్ళు. మామయ్య సుత్తి తీసుకుని చాసిస్ పొడుగునా కొట్టుకుంటూ వెళ్ళాడు. ఇనుము లోపల తినేసి ఉంటే శబ్దం డొల్లగా వస్తుంది. ఎక్కడా రాలేదు, గుడిగంటలా మోగింది. కమాను పట్టీల్లో ఒక్కటీ విరగలేదు. బల్ల మీద రెండు పక్కలా బళ్ళు కట్టేయడానికి రింగులు, ఒక్కొక్కటి నా మణికట్టంత లావు. వాటిని పట్టుకుని ఊపుతూ మామయ్య నావైపు చూసిన చూపు నాకింకా గుర్తే. పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చిన వాడి చూపు.

నేను నా పని చూసుకున్నాను. మొదట టైర్లు. టైరు పక్కన చిన్న గుడ్డు ఆకారంలో గడి ఉంటుంది, అందులో నాలుగంకెలు. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. దాని మీద 2309 అనుంది. అంటే 2009లో ఇరవై మూడో వారం. అరుగుదల దాదాపు లేదు, కొత్తదానిలా ఉంది, కానీ పక్కలన్నీ సన్నగా బీటలు. నిలబడి ఉన్న టైరు కూడా ముసలిదవుతుందన్నమాట. నాలుగూ మార్చాలి. తర్వాత డేటా ప్లేటు. ఖాళీ బరువు 2,800 కిలోలు, మోయగలిగింది 5,000. తర్వాత బల్ల ఎత్తు. టేపు పెడితే 110 సెంటీమీటర్లు. నా నడుము దాటింది. తర్వాత ముందు కొస. అక్కడ బంతి మీద కూర్చునే గిన్నె లేదు, మిలిటరీ లారీ వెనక హుక్కులో పడే పెద్ద ఇనుప కన్ను ఉంది. దాని పక్కనే రెండు గాలి గొట్టాలు, ఒక లావుపాటి కరెంటు ప్లగ్గు.

ఆ గాలి గొట్టాలు చూడగానే నాకు విషయం సగం అర్థమైంది.

ఈ ట్రైలరు బ్రేకులు గాలితో పనిచేస్తాయి. ఆ గాలి ముందు లాగే లారీ కంప్రెసరు నుంచి రావాలి. మామయ్య దీన్ని లాగుదామనుకున్నది తన పికప్‌తో. అందులో కంప్రెసరే లేదు, నూనె బ్రేకులు. ఇక దీపాలు. మిలిటరీ బళ్ళు ఎక్కువగా 24 వోల్టుల మీద నడుస్తాయి, పికప్ 12 వోల్టులు. దీపాలు మార్చుకోవడం పెద్ద కష్టం కాదు, ఒక పూట పని. గాలి అలా కాదు. “పర్లేదురా, గాలి లేకపోతే బ్రేకులు వదిలేసి ఉంటాయి, ఉత్తి బండిలా లాగేయొచ్చు. ఎంతమంది లాగట్లేదు!” అన్నాడు మామయ్య. నిజమే, లాగొచ్చు. ఆపడం దగ్గరే గొడవ.

ఆ రాత్రి ఇంటికొచ్చి లెక్క వేశాను. పికప్ ఖాళీగా 1.7 టన్నులు. ట్రైలరు 2.8. దాని మీద జోంగా రమారమి 1.7. మొత్తం 6.2 టన్నులు. పికప్ బ్రేకులు తయారైంది సరుకుతో కలిపి మూడు టన్నుల బండిని ఆపడానికి. మూడు టన్నులతో గంటకి 50 కిలోమీటర్ల వేగంలో గట్టిగా తొక్కితే పదహారు మీటర్లలో ఆగుతుందనుకోండి. అదే బ్రేకు బలం 6.2 టన్నుల్ని ఆపాలంటే ముప్పై మూడు మీటర్లు కావాలి. బ్రేకు వేడెక్కి పట్టు తగ్గడం, వెనకనుంచి ట్రైలరు తోసి పికప్‌ని అడ్డం తిప్పడం, ఇవేవీ ఇందులో కలపలేదు. నారాయణగూడ ఫ్లైఓవరు దిగుతూ, కింద సిగ్నలు పడి, ముందర స్కూలు ఆటో ఉందనుకోండి. మిగతా పదిహేడు మీటర్లు ఎక్కడి నుంచి తెస్తాం?

ఇంకో సంగతి, లాగే హుక్కు మీద పడే బరువు. ఇలాంటి ట్రైలరులో మొత్తం బరువులో పదో వంతు నుంచి ఏడో వంతు దాకా ముందు కొస మీద ఉండాలి. తక్కువైతే తోక ఊగుతుంది, వేగం పెరిగేకొద్దీ ఊపు పెరుగుతుంది, చివరికి లాగే బండినే పడేస్తుంది. మన లెక్కకి అది 450 నుంచి 650 కిలోలు. అదంతా పికప్ వెనక ఇరుసుకి అవతల వేలాడుతుంది, ముందు చక్రాలు తేలిపోతాయి. పైగా కన్ను ఉన్న ఎత్తు మిలిటరీ లారీ ఎత్తు, పికప్ బంపరు దానికి చాలా కింద. మాన్యువల్లో ఎంత బరువు లాగొచ్చో రాసి ఉంటుందేమోనని వెతికాను. ఆ ప్రస్తావనే లేదు.

నిజానికి నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇవేవీ కావు, ర్యాంపు. ఎందుకంటే కుర్రాడి పాదం పోయింది అక్కడే. బల్ల ఎత్తు 1.1 మీటర్లు. ట్రైలరుతో పాటు వచ్చే ర్యాంపు పలకలు కొలిస్తే 2.4 మీటర్లు. అంటే వాలు ఇరవై ఏడు డిగ్రీలు. ఇంజను పనిచేయని 1.7 టన్నుల జోంగాని ఆ వాలు మీద పైకి లాగాలంటే తాడు మీద 800 కిలోలకి పైగా బలం పడుతుంది. కొత్తగా మూడు మీటర్ల పలకలు చేయిస్తే 650 కిలోలు. అదే రికవరీ బండి బల్ల వెనక్కి జారి నేలకి ఆనుకుంటుంది చూశారా, దాని వాలు పన్నెండు డిగ్రీలు అనుకుంటే 400 కిలోల లోపే. బండి ఒకటే, మనుషులు వాళ్ళే, తాడు మీద భారం మాత్రం సగానికి సగం. ఆ రోజు జనగామ దగ్గర ఎంత వాలు ఉందో మామయ్యని అడిగితే చెయ్యి వంచి చూపించాడు. ఇంచుమించు ఇరవై అయిదు డిగ్రీలు ఉంటుంది. అంటే కుర్రాణ్ణి కాపాడటం కోసం కొనాలనుకుంటున్న బండి, అంతకంటే నిటారైన ర్యాంపు వెంటపెట్టుకుని వస్తోంది.

అన్నట్టు కాగితాల సంగతి. మోటారు వాహనాల చట్టంలో ట్రైలరు కూడా వాహనమే, దానికి విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. దాని నంబరు పక్కన, లాగే బండి నంబరు వెనక రాయాలి. సైన్యం బళ్ళకి సైన్యమే నంబరిస్తుంది, పైకి చూసే బాణం గుర్తు ఉండేది అదే. సైన్యం నుంచి బయటికొచ్చాక మామూలు జనం లాగే మళ్ళీ ఆర్టీయే ఆఫీసులో రిజిస్టరు చేయించాలి. దానికి కావలసిన కాగితం పేరు ఫారం 21, మాజీ సైనిక వాహనాలకి సంబంధిత అధికారులిచ్చే అసలు అమ్మకపు ధ్రువపత్రం. మేం చూసిన లాటు వివరాల్లో “తుక్కు” అని ఉంది. హవల్దారుని అడిగితే ఆయన నవ్వి, “బాబూ, మీకు రోడ్డు మీద తిప్పే కాగితం కావాలా, ఇనుము మోసుకుపోయే కాగితం కావాలా? దీనికి రెండోదే వస్తుంది” అన్నాడు. ఒక్క మాటలో తేల్చేశాడు. రిజిస్ట్రేషన్ లేకపోతే బీమా లేదు. బీమా లేని 4.5 టన్నులు ఎవరి కారునైనా గుద్దితే చీటీ డబ్బు కాదు, షెడ్డే పోతుంది.

ఇది రాన్రాను ఇంకా బిగుసుకుంటోంది కూడా. 2021లో వాహనాల తుక్కు కేంద్రాల నిబంధనలు వచ్చాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాలకి రిజిస్ట్రేషన్ కొనసాగింపు లేదు. రక్షణ కార్యకలాపాల్లో ఉన్న ప్రత్యేక వాహనాలకి మినహాయింపు ఉంది గానీ, మిగతా ప్రభుత్వ బళ్ళు రిజిస్టరైన తుక్కు కేంద్రాలకే పోవాలి. డిస్పోజల్ జీపు కొని ఊళ్ళో తిప్పిన మన తాతల కాలం వేరు.

చివరిది స్థలం. ఒక రాత్రి పదకొండు గంటలకి, షెడ్డున్న గల్లీని టేపుతో కొలిచాను. కొలుస్తుంటే గ్రూప్స్‌కి చదువుకునే కుర్రాళ్ళు ఇద్దరు, అప్పుడే రూముకి తిరిగెళ్తున్నట్టున్నారు, ఆగి “రోడ్డు వెడల్పు చేస్తున్నారా అన్నా?” అని అడిగారు. పాపం వాళ్ళ భయం వాళ్ళది, రూము పోతుందేమోనని. గల్లీ పద్దెనిమిది అడుగులు. రెండు పక్కలా హాస్టళ్ళ బైకులు తీసేస్తే పది. ట్రైలరు వెడల్పు ఎనిమిది. పొడుగు కన్నుతో కలిపి ఇరవై రెండు, పికప్ ఇంకో పదహారు. ఆ ముప్పై ఎనిమిది అడుగుల పాముని చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద, మెట్రో స్తంభాల మధ్య నుంచి గల్లీలోకి తిప్పగల డ్రైవరు పుడితే చూడాలనుంది. వెనక్కి తోసి పెట్టాలంటే అది ఇంకో విద్య. ట్రైలరు ఉన్న బండిని రివర్సు చేయాలంటే స్టీరింగు ముందు వ్యతిరేక దిక్కుకి తిప్పాలి. ఉప్పల్ వైపు ఎక్కడో ఖాళీ స్థలం అద్దెకి తీసుకోవచ్చు. అద్దె, కాపలా, టైర్లు ఎవడైనా ఎత్తుకెళ్తాడేమో అన్న బెంగ... అదంతా నెలనెలా ఖర్చు.

మన ఆఫీసు భాషలో చెప్పాలంటే, పెద్ద బ్యాంకు ఒకటి తన పాత మెయిన్‌ఫ్రేమ్ పారేస్తోంది, చవగ్గా వస్తోందని తెచ్చి రెండు పడగ్గదుల ఫ్లాటులో పెట్టుకున్నట్టు. మెషీను గట్టిదే, ఎవరూ కాదనరు. కానీ దాని గట్టిదనం దానిలో ఒక్కదానిలోనే లేదు. ఆ ట్రైలరు ముందు గాలి ఇచ్చే లారీ ఉండేది, నడపడానికి శిక్షణ పొందిన డ్రైవరు ఉండేవాడు. వెనక ఈఎంఈ మెకానిక్కులు, స్పేర్లు, నిలపడానికి ఎకరాల కొద్దీ స్థలం, బల్ల ఎత్తుకి సరిపోయే మట్టి ర్యాంపు, అన్నీ ఉండేవి. వేలంలో వాళ్ళు అమ్మేది ఇనుము. మిగతాదంతా కంటోన్మెంటులోనే ఉండిపోతుంది. టెక్సాస్‌లో మా పెద్దమ్మ కొడుకు ఫొటో పెట్టిన బండికి కూడా అక్కడివాళ్ళు హుక్కూ, దీపాలూ, బ్రేకులూ మార్చుకోక తప్పదట. కాకపోతే వాళ్ళ ఇళ్ళ వెనక అర ఎకరం ఉంటుంది, దాని మీద రిజిస్ట్రేషన్‌కి పనికొచ్చే కాగితం వస్తుంది. ఫొటోలో అవి కనబడవు.

ఇదంతా మామయ్యకి చెప్పాలి కదా. నారాయణగూడ తాజ్‌మహల్ హోటల్లో ఇడ్లీ, కాఫీల మీద మొదలుపెట్టాను. నోటుబుక్కు తిప్పుతూ చెప్తుంటే మామయ్య ఒక్క ముక్క మాట్లాడలేదు. చివర్న, “అయితే మళ్ళీ ఆ అద్దె బండ్లవాళ్ళ కాళ్ళే పట్టుకోమంటావ్” అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకంటే నా లెక్కలన్నీ ఎందుకు కొనకూడదో చెప్తున్నాయి. ఆయన అడుగుతున్నది మాత్రం కుర్రాణ్ణి మళ్ళీ ఏ నమ్మకంతో బండి కిందికి పంపాలని. ఇరవై రెండేళ్ళు ఇనుముతో బతికిన మనిషికి ఒక మంచి ఇనుప వస్తువు వదులుకోమని చెప్పడం, మనకి నచ్చిన డిజైనుని రివ్యూలో కొట్టేసినట్టు కాదు. ఆ రింగులు పట్టుకుని ఊపిన చెయ్యి ఆయనది.

“కాళ్ళు పట్టుకోవద్దు మామయ్యా. తనకి తాను నడిచే బండి చూద్దాం” అన్నాను.

దారి చూపించింది అత్తయ్య. రామంతాపూర్‌లో ఇంకో షెడ్డు ఆయన ఉన్నాడు, అంబాసిడర్లూ ఫియట్లూ బాగుచేస్తాడు. ఆయనకీ ఇదే అద్దె బాధ, పైగా షెడ్డు పక్కన ఖాళీ స్థలం ఉంది. వాళ్ళావిడా మా అత్తయ్యా ఒకే చీటీలో ఉన్నారు. మేం మగాళ్ళం ఇద్దరం నెలన్నర నుంచి డిగ్రీలు కొలుస్తుంటే, ఈ సంగతి ఆవిడ సాంబారు పోపు పెడుతూ రెండు వాక్యాల్లో చెప్పేసింది. సెకండ్‌హ్యాండు రికవరీ బండి, బల్ల వెనక్కి జారేది, వించి ఉన్నది, ఫిట్‌నెస్, బీమా కాగితాలు సరిగ్గా ఉన్నది, తొమ్మిది లక్షలకి దొరికింది. చెరి సగం. ఫీజు డబ్బు పూర్తిగా ముట్టుకోకుండా కుదరలేదు. తక్కువపడ్డది నేను సర్దాను. తిరిగి ఇస్తానని మామయ్య కాగితం రాయబోతే అత్తయ్య ఆ కాగితాన్ని లాక్కుని కిరాణా లిస్టు రాసుకుంది. :)

రికవరీ బండికీ లోపాలున్నాయి, లేవనను. ట్రైలరైతే ఇంజను ఖర్చు ఉండదు, ఏళ్ళ తరబడి నిలబెట్టినా పెద్దగా అడగదు. దీనికి డీజిలు, డ్రైవరు, ఏటేటా పన్ను, జారే బల్లకి హైడ్రాలిక్ గొట్టాలు. సగం రోజులు రామంతాపూర్ ఆయనవి, మామయ్యకి కావలసినరోజే ఆయనకీ కావాలి. ఆ క్యాలెండరు ఇప్పుడు నా ఫోన్లో ఉంది. ప్రాజెక్టు మేనేజర్ ఉద్యోగం జీతం లేకుండా దొరికింది నాకు.

వేలం జరిగిన రోజు మధ్యాహ్నం నేను మీటింగులో ఉంటే మామయ్య ఫోన్ చేశాడు. “ఈపాటికి అయిపోయుంటుందా?” అన్నాడు. “అయిపోయుంటుంది మామయ్యా” అన్నాను. “సరే, పని చూస్కో” అని పెట్టేశాడు.

రెండు నెలల తర్వాత ఒక ఆదివారం షెడ్డుకి వెళ్తే, నూనె డబ్బా మీద వార్తాపత్రిక పరిచి, దాని మీద వరసగా ఎనిమిది ఇనుప రింగులు పెట్టి వైరు బ్రష్షుతో తుడుస్తున్నాడు. బోయిగూడ తుక్కు గోదాములో ఏదో పాత మిలిటరీ ట్రైలరు కోస్తుంటే కనబడ్డాయట, ఇనుము రేటుకే తూకం వేసి తెచ్చాడు. రికవరీ బండి బల్లకి అప్పటికే ఉన్న కొక్కేలు ఆయనకి మొదట్నుంచీ నచ్చలేదు, సన్నగా ఉన్నాయని. వెల్డింగ్ చేయిద్దామంటే నేనొద్దన్నాను. వేడికి బల్ల రేకు బలహీనపడుతుంది, లాగినప్పుడు రేకుతో సహా ఊడొస్తుంది. కింద పది మిల్లీమీటర్ల ప్లేటు వేసి, ఒక్కో రింగుకి నాలుగు బోల్టులు బిగిద్దామన్నాను. గట్టి రకం బోల్టుల కోసం రాణిగంజ్ వెళ్ళాం. కుర్రాడు కాలు చాపుకుని బల్ల కింద కూర్చుని నట్లు పట్టుకున్నాడు, పైనుంచి మామయ్య బిగించాడు. బండి కింద కూర్చునే ముందు వాడు చక్రాలకి రెండు పక్కలా చెక్కలు పెట్టాడు, మళ్ళీ ఒకసారి వెళ్ళి వాటిని కాలితో తన్ని చూసుకుని వచ్చాడు. ఇంజను ఆపే ఉంది, బండి సమతలం మీదే ఉంది. మామయ్య ఏమీ అనలేదు, స్పానరు పట్టుకుని వాడు సరిచూసుకునే దాకా ఆగాడు.